ప్రధాన యాజకుడు చనిపోయిన తర్వాత

ఇస్నాపూర్,
జూన్ నెల.

దశరథ్‌కు,

నా పేరు పుష్పమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో మా అమ్మ చెప్పకుండానే పోయింది. నా భర్త దానియేలు కాలం చేసి చాలా ఏళ్లయింది. చర్చి వెనక గల్లీలో నా సొంత ఇల్లు. ఇంట్లో నేనూ, నా చెల్లెలు అరుణమ్మా ఉంటాం. వెనక గదులు కిరాయికి ఇచ్చాను. ఒక దాంట్లో ఒరిస్సా పిల్లగాళ్లు, ఇంకొక దాంట్లో వనజ. ఆమె బిస్కెట్ల ప్యాకింగ్‌లో పని చేస్తుంది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆమే. నాకు అక్షరం రాదు. నేను మాట్లాడుతుంటే ఆమె దాన్ని పుస్తకం మాటలుగా మార్చి రాస్తుంది. మాట మారినా కోపం మారకుండా రాయమని చెప్పాను.

నాకు ఒక్కడే కొడుకు, శ్రీకాంత్. ఇప్పుడు ఇంటి లెక్కలో లేడు. ఎందుకు లేడో నీకు తెలుసు.

సమాధుల తోటలో వాడి మీద మట్టి పోస్తున్నప్పుడు అందరి ముందూ నిన్ను చూపించి అన్నాను, "వీని మొఖం నేను సూడ. వీని గొంతు నా చెవుల పడొద్దు" అని. నువ్వు అటు నుంచి అటే వెళ్లిపోయావు. ఆరేళ్లయింది. ఒక్క ఫోను చెయ్యలేదు. ఉత్తరానికి గొంతు ఉండదు కనుక ఇప్పుడు ఉత్తరం రాయిస్తున్నాను. నీ అడ్రసు పాస్టరు గారు కనుక్కొని ఇచ్చారు.

ఎందుకు రాయిస్తున్నానంటే, మొన్న ఆదివారం జరిగిన సంగతి నీ దాకా వేరేగా చేరొద్దు. కొత్త పాస్టరు రాజశేఖర్ గారు పాత నిబంధన కథల్లో క్రీస్తు నీడ ఎక్కడెక్కడ పడిందో వారం వారం చూపిస్తున్నారు. మొన్న ఆశ్రయపురాల కథ తీశారు. ఇద్దరు మనుషులు కట్టెలు కొట్టడానికి అడవికి పోతారు. ఒకడి గొడ్డలి పిడిలోంచి ఊడి ఎగిరి రెండోవాడికి తగులుతుంది, వాడు చనిపోతాడు. పగ లేదు, కావాలని చేసింది కాదు. అయినా చచ్చినవాడి దగ్గరి చుట్టానికి వీణ్ణి చంపే హక్కు ఉంటుంది. అందుకని దేవుడు కొన్ని ఊళ్లు వేరు చేసి పెట్టాడు. వీడు పరిగెత్తుకుంటూ పోయి, ఆ ఊరి గేటు దగ్గర నిలబడి, జరిగింది జరిగినట్టు పెద్దలకు చెప్పుకోవాలి. నిజమని తేలితే లోపలికి తీసుకుంటారు. లోపల ఉన్నంతసేపు ఎవరూ ముట్టకూడదు. బయట అడుగు పెడితే ప్రాణానికి పూచీ లేదు. ఎప్పటిదాకా అంటే, అప్పుడున్న ప్రధాన యాజకుడు చనిపోయేదాకా. ఆయన చనిపోయాడా, వీడు తన ఇంటికి తాను వెళ్లిపోవచ్చు.

"ఆ ఊరు క్రీస్తే. ఆ యాజకుడూ క్రీస్తే. ఆయన చనిపోయారు, మనకు విడుదల వచ్చింది" అన్నారు పాస్టరు గారు. అందరం ఆమెన్ అన్నాం. ఆ నోళ్లు మూతపడకముందే మీ అమ్మ అరుణమ్మ లేచి నిలబడింది.

"పాస్టరు గారూ, పెద్ద యాజకుడు సచ్చిపోయిండు గదా. మరి నా కొడుకు ఇంటికి రావచ్చునా?"

ఇన్నేళ్లలో ఇంట్లో ఒక్కసారి కూడా నీ పేరు ఎత్తని మనిషి. పాస్టరు నా దిక్కు చూశారు. సంఘమంతా నా దిక్కు చూసింది. నేను చెప్పులు వేసుకొని బయటికి వచ్చేశాను.

ఇదిగో నా వాదన. గొడ్డలి జారుతుంది, స్విచ్ జారదు. దాన్ని వేలు పెట్టి నొక్కాలి. నా కొడుకు ఆ మందుల కంపెనీలో పెద్ద ఇనుప డ్రమ్ము లోపలికి దిగి కడుగుతున్నాడు. బయట స్విచ్ వేస్తే లోపల రెక్కలు తిరుగుతాయి. వాడి తువ్వాల స్విచ్ బోర్డు మీద వేలాడుతోంది. తువ్వాల ఉందంటే మనిషి లోపల ఉన్నాడని ఆ కంపెనీలో ఊడ్చేవాళ్లకు కూడా తెలుసట. దాన్ని నువ్వు తీశావు. తీసి, నొక్కావు. పోలీసులకు 'నేనే నొక్కాను' అని ఒప్పుకున్నావు. తువ్వాల ఎందుకు తీశావో మాత్రం ఎవరికీ చెప్పలేదు. కోర్టు నిన్ను వదిలేసింది. నేను వదల్లేదు.

ఆ కథలో వాడు గేటు దగ్గర నిలబడి చెప్పుకున్నాడు. నువ్వు చెప్పుకోకుండానే లోపలికి పోయి కూర్చున్నావు. చెప్పేదాకా ఏ యాజకుడు చనిపోయినా నాకు సంబంధం లేదు. ఇంటికి రావద్దు.

పుష్పమ్మ


జహీరాబాద్,
జూలై.

పెద్దమ్మకు దశరథ్ వందనాలు.

నీ ఉత్తరం అందింది. కవరు మీద ఇస్నాపూర్ అని చూసి అమ్మకు ఏదో అయిందనుకున్నాను. నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను.

నేను ఇక్కడ ఒక హాస్టలు కాంపౌండులో ఉంటున్నాను. మోటార్లు, ఫ్యూజులు, ట్యూబ్‌లైట్లు నా పని. ఏ స్విచ్ వేసినా ముందు "వేస్తున్నా!" అని గట్టిగా అరుస్తాను. సరిగ్గా వినపడలేదేమోనని ఒకసారి వెళ్లి చూసి వచ్చి, మళ్లీ అరుస్తాను. హాస్టలు పిల్లలు నాకు అరుపుల సార్ అని పేరు పెట్టారు. స్నానాల గదుల దగ్గర నిలబడి నాలాగే అరిచి నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను.

మీ పాస్టరు గారు చెప్పిన కథ ఇక్కడి పాస్టరు గారు కూడా చెప్పారు. ఆ ఊళ్లకు పోయే దారులు రాళ్లూ ముళ్లూ లేకుండా బాగు చేసి ఉంచేవారట, పరిగెత్తేవాడు తట్టుకొని పడకూడదని. అది కూడా క్రీస్తు గుర్తే అన్నారు, ఆయన దగ్గరికి పోయే దారిలో అడ్డం ఉండదని. నాకు ఆ మాట బాగా నచ్చింది.

నేను ఇంటికి వస్తానని ఎవరితోనూ అనలేదు పెద్దమ్మా. అమ్మ అడిగిందంటే, అమ్మ కనుక అడిగింది. నువ్వు మనసులో పెట్టుకోకు. రావద్దన్నావు, రాను.

తువ్వాల గురించి అడిగావు. దాన్ని పోలీసులు తీసుకుపోయారు, మళ్లీ ఇవ్వలేదు.

ఇక్కడ జామచెట్లు ఈసారి బాగా కాశాయి. కొమ్మలు గోడ దాటి రోడ్డు మీదికి పోతే, దారిన పోయేవాళ్లు కోసుకుంటున్నారు. అమ్మ నడుము ఎలా ఉంది? వంగి ఊడిస్తే పట్టేసేది. పొడుగు కట్టె చీపురు కొనుక్కోమను.

దశరథ్


ఇస్నాపూర్,
ఆగస్టు.

దశరథ్‌కు,

తువ్వాల అడిగితే జామకాయలు రాశావు. వనజ చదువుతుంటే నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. "ఒక్కకాడ కూసో అత్తమ్మా, నాకు తల తిరుగుతున్నది" అంటోంది. కూర్చుంటే నాకు మాట రాదు. ఆమెనే తల వంచుకొని రాసుకోమన్నాను.

పాస్టరు ఇంటికి వచ్చారు. క్షమాపణ గురించి మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"సారూ, ముందు నీ కథ పూర్తిగ చెప్పు. సంపినోడు ఊళ్లెకు పోయిండు. ఆడ వానికి ఇంత బువ్వ ఉంటది, పండుకోను జాగ ఉంటది, మాట్లాడను పెద్దమనుషులుంటరు. సచ్చినోని చుట్టం ఏడ ఉంటడు?"

"అంటే, బయట..."

"బయటనే గద! గేటు ముంగట. ఎండల, వానల. వాడెప్పుడు కాలు బయట పెడ్తడా అని సూసుకుంట. వానికి అన్నమెవరు పెడ్తరు? వాని గురించి ఒక్క ముక్క లేదా ఆ పుస్తకంల?"

ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు. "అతను ఎక్కడ ఉన్నాడో రాయలేదమ్మా. కానీ యాజకుడు చనిపోయిన రోజున అతనికి కూడా హక్కు పోతుంది. హక్కు పోతే కాపలా ఉండనక్కర్లేదు. అతనూ ఇంటికి పోవచ్చు. ఆ చావు ఇద్దరినీ విడిపించిందని నేననుకుంటాను" అన్నారు.

"నేను ఇంట్లనే ఉన్న గద సారూ. ఇదే నా ఇల్లు" అన్నాను. ఆయన వెళ్లిపోయాక అన్నం కలుపుతూ ఆగిపోయాను. ఇంట్లోనే ఉన్నానా నేను? ఈ ఆరేళ్లలో కూర చేస్తున్నా నా ధ్యాస నీ మీదే, బట్టలు ఉతుకుతున్నా నీ మీదే, ప్రార్థనలో మోకాళ్ల మీద ఉన్నా నీ మీదే. నువ్వు ఎప్పుడు ఏం తింటున్నావో, నవ్వుతున్నావేమో, పెళ్లి చేసుకుంటావేమో అని. కాపలా కాయడమంటే ఇంకేముంటుంది?

ఇంకొకటి ఉంది. ఇది రాయించవద్దనుకున్నాను.

ఆ రోజు పాస్టరుకు టీ పోసింది మీ అమ్మ. గ్లాసులో పోయలేదు, గ్లాసు పక్కన పోసింది. టీ బల్ల మీద నుంచి ఆయన ప్యాంటు మీదికి కారింది. నేను తిడితే, "గ్లాసు జరిగింది అక్కా" అన్నది. గ్లాసులు జరుగుతాయా? మర్నాడే కంటి దవాఖానకు తీసుకుపోయాను. లోపలి నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదట, ఉన్నది ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేరట. ఇప్పటికి మనిషి సరిగ్గా ఎదురుగా నిలబడితే మొఖం తెలుస్తోంది. పక్క నుంచి వచ్చిన మనిషి తెలియడం లేదు. ఇన్నాళ్లూ గోడలు తడుముకుంటూ నా దగ్గర దాచింది.

బయటికి రాగానే అన్నాను, "జహీరాబాద్ బస్సెక్కిస్త. పోయి నీ కొడుకును సూసి రా. నేనేమన్న అడ్డం పడ్డనా?"

"నువ్వు సూసినంక నేను సూస్త."

"నేను సూడనని మట్టి మీద ఒట్టేసిన."

"అయితే నేను గూడ సూడ."

"కండ్లు పోతున్నయే పిచ్చిదానా!"

"పోనీ. నువ్వు నీ కొడుకును మళ్ల సూస్తున్నవా?"

ఇస్నాపూర్ వచ్చేదాకా బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. ఆమె నా కొంగు పట్టుకొనే ఉంది.

ఇప్పుడు తెలిసిందా నీకు? ఆమె నా మీద ఆగింది. నేను నీ మీద ఆగాను. తువ్వాల ఎందుకు తీశావో చెప్పు. జల్దీ చెప్పు.

పుష్పమ్మ


జహీరాబాద్,
సెప్టెంబరు.

పెద్దమ్మా,

చాలాసార్లు రాశాను, చించేశాను. ఈసారి చింపను.

లోపలికి మనిషి దిగేటప్పుడు స్విచ్‌కు తాళం వెయ్యాలని కంపెనీలో రూలు ఉండేది. తాళాలు సూపర్‌వైజర్ అల్మారీలో ఉండేవి. అడిగితే, "ఐదు నిమిషాల పనికి తాళమెందుకు, జల్దీ కానీయ్" అనేవాడు. అందుకని మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. లోపలికి దిగేవాడు తనది ఏదో ఒకటి స్విచ్ బోర్డుకు తగిలించి పోవాలి. టోపీ, టిఫిన్ సంచి, చెప్పులు, ఏదైనా సరే. వేరేవాడి సామాను ఎవరూ ముట్టేవాళ్లు కాదు. బీహారువాళ్లూ, ఒరిస్సావాళ్లూ కూడా ముట్టేవాళ్లు కాదు.

ఆ రోజు నాది రెండో షిఫ్టు. శ్రీకాంత్ అన్నది మొదటి షిఫ్టు. నేను వచ్చేసరికి మొదటి షిఫ్టువాళ్లు బస్సెక్కుతున్నారు. అన్న కూడా వాళ్లలో ఉన్నాడనుకున్నాను. ఆ డ్రమ్ము కడగడం పొద్దున్నే అయిపోవాలి. సరిగ్గా కడగలేదని సూపర్‌వైజర్ అన్నను మళ్లీ దించాడని నాకు తెలియదు. స్విచ్ బోర్డు దగ్గరికి పోతే తువ్వాల ఉంది.

వేరే ఎవరిదైనా అయితే ముట్టేవాణ్ణి కాదు పెద్దమ్మా. ఎవరిదని అడిగేవాణ్ణి, డ్రమ్ము మూతి దగ్గరికి పోయి కేక వేసేవాణ్ణి. అది అన్న తువ్వాల కనుక ముట్టాను. అన్న తువ్వాల మరిచిపోని రోజు ఉందా? టిఫిన్ డబ్బా, ఐడీ కార్డు, చివరికి చెప్పులు కూడా మరిచిపోయేవాడు. వెనక నేను ఏరుకొని తెచ్చేవాణ్ణి. నువ్వు వాడి నెత్తిన ఒకటి మొట్టి, "దశరథ్ లేకుంటే నువ్వు నీ తలకాయ గూడ ఆన్నే మరిచి వస్తవు" అనేదానివి. ఆ రోజు కూడా మరిచిపోయి వెళ్లాడనుకున్నాను. నవ్వుకున్నాను. నీళ్ల తడి ఉంటే దులిపి, మడిచి, నీకు ఇద్దామని నా సంచిలో పెట్టుకున్నాను. దించిన సంగతి మరిచాడో ఏమో, వెనక నుంచి సూపర్‌వైజర్ "చాలూ కరో" అని, స్విచ్ వెయ్యమని అరిచాడు. వేశాను.

పోలీసులు ఎవరు నొక్కారని అడిగారు, నేనే అన్నాను. తువ్వాల సంగతి చెబితే, ప్రేమతో చేశానని చెప్పుకున్నట్టు ఉంటుంది. నీ ముందు ఆ మాట ఎట్లా అనాలి? వాడి మీద ప్రేమ ఉన్నదని, నువ్వు వాడి మీద మట్టి పోస్తుంటే, నేను ఎట్లా అనాలి? నువ్వు నన్ను చంపినా బాగుండేది, ఆ మాట అనడం కంటే.

అమ్మ కళ్ల గురించి రాసిన చోటు మళ్లీ మళ్లీ చదివాను.

దశరథ్


ఇస్నాపూర్,
అక్టోబరు.

బిడ్డా దశరథ్,

చదివించుకున్నాను. వనజ మధ్యలో ఆగిపోయింది, ముక్కు చీదుకొని మళ్లీ మొదలుపెట్టింది. మీ అమ్మ గోడవైపు తిరిగి కూర్చొని విన్నది.

నేను లేచి బయటికి పోయాను. ఒరిస్సా పిల్లగాళ్లు నీళ్ల మోటారు వేసి ట్యాంకు నింపుకుంటున్నారు. "బంద్ కరో! బంద్ కరో!" అని అరిచాను. వాళ్లు సబ్బు మొఖాలతో బయటికి వచ్చి, "అమ్మా, హమ్‌నే క్యా కియా?" అన్నారు. నిజమే, పాపం వాళ్లేం చేశారు? సమాధుల తోటకు పోయాను. అక్కడా నిలబడలేకపోయాను. "నీ తువ్వాల నువ్వు తెచ్చుకుంటే ఏం పోయేదిరా?" అని వాణ్ణి తిట్టాను. ఇన్నేళ్లలో మొదటిసారి వాణ్ణి తిట్టాను. చచ్చినవాణ్ణి తిట్టకూడదని మానేశాను, బతికి ఉన్నప్పుడు రోజూ తిట్టేదాన్ని. తిట్టినాక వాడు కొంచెం దగ్గరికి వచ్చినట్టయింది.

కోపం పోయిందనుకోకు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇల్లంతా మోసుకొని తిరుగుతున్నాను.

అయినా నువ్వు గేటు దగ్గర నిలబడి చెప్పుకున్నావు. విన్నది నేను కనుక తీర్పు నాదే. గొడ్డలి ఊడింది. వాడిది మరిచే అలవాటు, నీది ఏరుకొచ్చే అలవాటు, తాళాలు అల్మారీలో దాచుకున్న ఆ సూపర్‌వైజర్. పిడి ఎప్పుడో పుచ్చిపోయి ఉంది. ఊడినప్పుడు నీ చేతిలో ఉంది, అంతే.

పాస్టరును అడిగాను, "సారూ, ఒట్టు తప్పితే ఏమైతది?" అని. "తప్పాల్సిన ఒట్లు కూడా ఉంటాయమ్మా" అన్నారు. పాపమేదన్నా ఉంటే నా మీద వేసుకుంటాను.

రా. మీ అమ్మకు ఎడమ కన్ను పూర్తిగా పోయింది.

పెద్దమ్మ


జహీరాబాద్,
నవంబరు.

పెద్దమ్మకు వందనాలు.

'బిడ్డా' అని రాయించావు. ఆ కాగితం చొక్కా జేబులోనే ఉంది.

కానీ నేను రాలేను. నిజం చెబుతున్నాను, బయలుదేరాను. పటాన్‌చెరు బస్సెక్కాను. సదాశివపేట దాకా బాగానే ఉన్నాను. తర్వాత రుద్రారం గుర్తొచ్చింది. అది దాటితే ఆ కంపెనీ పొగగొట్టం కనిపిస్తుంది కదా. సంగారెడ్డి రాకముందే కండక్టరును బతిమాలి రోడ్డు మీదే దిగిపోయి, ఇవతలి బస్సెక్కి వెనక్కి వచ్చేశాను.

అక్కడ గల్లీలో అందరూ నన్ను చూస్తారు. చర్చిలో అన్న కూర్చునే బెంచీ ఉంటుంది. నువ్వు రమ్మన్నావు, అది నీ దయ. కానీ నన్ను చూడగానే నీ మొఖం ఎట్లా మారుతుందో ఇన్నేళ్లుగా అనుకుంటూ ఉన్నాను. దాన్ని నిజంగా చూసే బలం నాకు లేదు.

ఇక్కడ నాకు గోడ ఉంది, గేటు ఉంది. ప్రభువే నా ఆశ్రయపురం. ఇక్కడ ఎవరికీ నా సంగతి తెలియదు. నన్ను ఇక్కడే ఉండిపోనివ్వు. అమ్మ మనసులో నా మొఖం ఎట్లా ఉందో అట్లాగే ఉండనీ, ఇప్పటి మొఖం కంటే అదే బాగుంటుంది. నువ్వే ఆమెకు నచ్చజెప్పు. నీ మాట వింటుంది.

దశరథ్


జహీరాబాద్,
నీ గేటు బయట.

బిడ్డా,

వాచ్‌మన్ తెచ్చి ఇస్తున్న ఈ కాగితం పోస్టులో వచ్చింది కాదు. వనజ సెలవు పెట్టి వచ్చింది. గేటు ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చొని మోకాలి మీద పెట్టుకొని రాస్తోంది, అక్షరాలు వంకరగా ఉంటే నువ్వే సర్దుకో. మీ వాచ్‌మన్ నర్సింహులు మంచివాడు. "ఎండల ఎందుకమ్మా, లోపటికి రాండ్రి, కుర్చీలేస్త" అంటున్నాడు. "నేను లోపటికి వచ్చేటిదాన్ని కాదు నాయనా, వాడు బయటికి వచ్చేటోడు" అని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. నీకు అవుతుంది.

ప్రభువే నా ఊరు అని రాశావు. బాగుంది. పాస్టరు ఏమన్నారు? ఊరూ ఆయనే, చనిపోయిన యాజకుడూ ఆయనే అన్నారు. నువ్వు ఊరి మాట పట్టుకున్నావు, చావు మాట వదిలేశావు. వనజతో ఆ కథ ఎన్నిసార్లు చదివించుకున్నానో, ఆమెకు నోటికి వచ్చేసింది. యాజకుడు చనిపోయాక వాడు ఇంకా ఆ ఊళ్లోనే ఉండిపోయాడని ఎక్కడా లేదు. ఇంటికి పోయాడనే ఉంది. ఆ ఊరు దాక్కోవడానికి ఇచ్చింది, కాపురం ఉండడానికి ఇచ్చింది కాదు. ఆయన చనిపోయాడని తెలిసి కూడా నువ్వు గోడ చాటున కూర్చున్నావంటే, ఆయన ఇంకా చనిపోలేదని చెబుతున్నట్టే. ఆ సిలువ మీద ఆయన ఊరికే వేలాడాడా? ఆ మాట నాతో కాదు, మీ పాస్టరుతో అని చూడు.

నా మొఖం ఎట్లా మారుతుందో అని భయపడుతున్నావు. మారుతుంది. అబద్ధం చెప్పను. నిన్ను చూస్తే నాకు వాడు కనిపిస్తాడు. మీ ఇద్దరివీ ఒకటే చెవులు, మా నాయనవి. ఏడుస్తానో, కొడతానో నాకే తెలియదు. అది చూడాల్సిందే నువ్వు. నేనూ చూడాల్సిందే. గేటు బయట నిలబడి నిలబడి నా కాళ్లు పోయాయి బిడ్డా. నువ్వు బయటికి వస్తే గాని నేను ఇంటికి పోలేను.

బస్సు రుద్రారం దాటేటప్పుడు పొగగొట్టం చూశాను. నేనూ కళ్లు మూసుకున్నాను. మూసుకున్నా బస్సు ఆగలేదు, వచ్చేసింది. నువ్వూ అంతే చెయ్యి. నా పక్క సీట్లో కూర్చొని చెయ్యి.

మీ అమ్మ నా పక్కనే ఉంది, గేటుకు వీపు పెట్టి కూర్చుంది. "తిరుగే, సక్కగ కూసో" అంటే, "నువ్వు సూసినంకనే తిరుగుత అక్కా" అంటోంది. మొండిది. ఉన్న ఒక్క కంటిలో ఎంత మిగిలిందో మాకు తెలియదు. ఈ పొద్దు నా చీర రంగు ఏమిటని నన్నే అడిగింది.

ఇక ఇది కాగితం మీద ఉండాలని చెబుతున్నాను. దానియేలు భార్య పుష్పమ్మ అనే నేను, చనిపోయిన శ్రీకాంత్ తల్లిని, వాడికి అందరికంటే దగ్గరి చుట్టాన్ని. నా కొడుకు ప్రాణం విషయంలో దశరథ్ మీద నాకు ఉన్న హక్కు ఈ రోజుతో వదులుకుంటున్నాను. నేను మంచిదాన్నని వదులుకోవడం లేదు. నేను వదలకముందే ఆ యాజకుడు చనిపోయారు కనుక, అది నా చేతిలో మిగల్లేదు కనుక వదులుకుంటున్నాను. తిట్టే హక్కు మాత్రం పెద్దమ్మగా నాకే ఉంటుంది. దాన్ని వదలను.

సాక్షులు ముగ్గురు ఉండాలని వనజతో అన్నాను. ఇద్దరు ఇక్కడే ఉన్నారు. మూడో జాగాలో పేరు కూడా రాయించకుండా ఖాళీగా పెట్టించాను. పెన్ను వనజ చేతిలో ఉంది, లోపలికి పంపను. ఆ సంతకం గేటు ఇవతల నిలబడి చెయ్యాల్సింది.

పుష్పమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:

వనజ, ఇస్నాపూర్ (రాసినది కూడా నేనే)

నర్సింహులు, వాచ్‌మన్, జహీరాబాద్

దశరథ్, ఇస్నాపూర్